కాటా బాబాయి డెబ్బై కిలోలు

కాటా బాబాయికి ఒకటే జబ్బు. కంటబడ్డ ప్రతిదాన్నీ తూచాలి. తూచకపోతే ఆయనకి తిన్నది అరగదు, పడుకుంటే నిద్ర పట్టదు.

పొద్దున్నే పేపరు వస్తుందా, చదవకముందు ఓసారి తూస్తాడు, చదివాక ఓసారి తూస్తాడు. "చూశావా, ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. అంటే ఇందులోంచి నేను తీసుకున్నదేమీ లేదన్నమాట" అని మడిచి అవతల పడేస్తాడు. ఉత్తరం వస్తే విప్పకుండానే తూస్తాడు. పన్నెండు గ్రాములు దాటిందంటే ఎవరో ఏదో అడుగుతున్నారని లెక్క. మంచి కబురుకి అంత కాగితం అక్కర్లేదట. ఇంటి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా కింద కాటా దాచిపెట్టాడు. వచ్చినవాళ్ళు పాపం కాళ్ళు తుడుచుకుందామని ఎక్కగానే, "ఎనభై మూడూ నాలుగొందలు! రండి రండి!" అని లోపల్నించి కేక. వెళ్ళేటప్పుడు మళ్ళీ అదే గుమ్మం. "ఎనభై నాలుగూ వంద. బాగా తిన్నారు, సంతోషం!"

ఒకసారి తలనొప్పని డాక్టరు దగ్గరికెళ్ళాడు. అక్కడ కాటా ఎక్కమన్నారు. ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. తలనొప్పి సంగతి మర్చిపోయాడు. "డాక్టరుగారూ, మీ కాటా నాలుగొందల గ్రాములు ఎక్కువ చూపిస్తోంది" అన్నాడు. డాక్టరు నవ్వి ఊరుకోబోతే వినలేదు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, అక్కడే నేల మీద చతికిలబడి, దాన్ని విప్పి బాగుచేశాడు. ఆ రోజు ఆస్పత్రికి వచ్చిన వాళ్ళందరూ నాలుగొందల గ్రాములు తగ్గి సంతోషంగా ఇళ్ళకి వెళ్ళారు. డాక్టరు ఇచ్చిన మందు పని చేసిందనుకున్నారు.

ఆయన కాటా ఎక్కని మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే, స్వయానా ఆయన పెళ్ళాం. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఎక్కింది. ఈయన ముల్లు చూసి, వీధిలో పోయేవాళ్ళకి కూడా వినబడేలా బరువు చదివాడు. అంతే. ఆవిడ దిగి, "ఆడవాళ్ళ బరువు బయటికి చదివే నోటికి ఇంకో పూట కూడు దొరకదు" అంది. నిజంగానే దొరకలేదు. ఆ తరవాత ఆవిడ తన ఇంట్లోకి తానే పెరటి గుమ్మంలోంచి వస్తూ పోతూ ఉంటుంది.

ఇంత చాదస్తం ఉన్న మనిషి ఏ కొట్టో పెట్టుకుంటే సరిపోయేది. కానీ బాబాయి విమానాల మెకానిక్కు. ఆ పనిలో ఈ జబ్బు మందులా పనికొచ్చింది, ఎందుకంటే విమానానికి బరువే ప్రాణం. ఎక్కువైతే లేవదు, వెనక్కి జరిగితే తోక వాలుతుంది. అందుకని ఊళ్ళో నవ్విన వాళ్ళు కూడా ఆయన బిగించిన విమానం ఎక్కడానికి భయపడేవాళ్ళు కాదు.

ఆ విమానం నడిపేది ఆయన అన్నకూతురే. ఆస్పత్రి వాళ్ళ చిన్న విమానానికి పైలట్టు. ఈ అమ్మాయికి బాబాయి సంగతి బళ్ళోకి పోయే రోజుల నుంచీ తెలుసు. అందరి బాబాయిలూ మార్కులడిగేవాళ్ళు. ఈయన పుస్తకాల సంచి కాటా మీద పెట్టేవాడు. "ఆరు కిలోల రెండొందలు. ఇంత మోసి ఇన్నేనా మార్కులు? గ్రాముకి ఎంత పడిందో చూసుకున్నావా?" పెద్దదై పైలట్టయ్యాక కూడా తగ్గలేదు. రోజూ విమానం ఎక్కేముందు కాటా ఎక్కాల్సిందే.

"నిన్నటికీ ఇవాళ్టికీ మూడొందలు పెరిగావేంటమ్మడూ?"

"తల స్నానం చేశాను బాబాయ్. జుట్టు ఆరలేదు."

"ఆరబెట్టుకుని రా. నీళ్ళు కూడా టిక్కెట్టు లేకుండా ఎక్కితే ఎట్లా?"

ఆ ఏడాది వచ్చింది అసలు చిక్కు. ఊరిని ఆనుకుని ఉన్న పెద్ద సరస్సుకి అవతలి ఒడ్డున చిన్న చిన్న పల్లెలున్నాయి. వాటికి రోడ్డు లేదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే పైలట్టమ్మాయి వెళ్ళి అక్కడి గడ్డి మైదానంలో దిగి, ఆస్పత్రికి తీసుకొచ్చేది. ఆ ఏడు సరస్సు పెరిగి పెరిగి మైదానాలన్నిట్నీ మింగేసింది. నడుం లోతు నీళ్ళు. దిగడానికి నేల లేనప్పుడు చక్రాలు ఎందుకు?

అమ్మాయే చెప్పింది, "నేల లేకపోతే పోనీ, నీళ్ళున్నాయిగా. నీళ్ళ మీదే దిగుదాం" అని. ఆస్పత్రి వాళ్ళు ఎక్కడో దూరాన ఒక పాత జత ఫ్లోట్లు సంపాదించారు. ఫ్లోట్లంటే పడవల్లాంటి పొడుగాటి అల్యూమినియం డొప్పలు రెండు. చక్రాలు పీకేసి వాటి చోట ఇవి బిగిస్తే విమానం నీళ్ళ మీద తేలుతుంది, అక్కణ్ణించే లేస్తుంది. బాబాయి వాటిని పడవకాళ్ళనేవాడు. అమ్మాయి రెండు వారాలు వేరే ఊరెళ్ళి, నీళ్ళ మీద లేవడం, దిగడం నేర్చుకుని వచ్చింది.

ఇక మిగిలింది అనుమతి. దాన్ని ఇచ్చే ఇన్‌స్పెక్టరు మూణ్ణెల్లకోసారి వస్తాడు. ఈసారి వచ్చేది మూడు వారాలు పోయాక గురువారం. చేతిలో ఉన్నవి ఇరవై రెండు రోజులు. ఆ రోజుకి పని తెమలకపోయినా, తూకంలో తేడా వచ్చినా, మళ్ళీ మూణ్ణెల్ల మాటే. ఈలోగా వానాకాలం. అవతలి ఒడ్డు జబ్బు మనుషులు గాలివానలో ఏడు గంటలు పడవలో పడి రావాలి. అమ్మాయికి గుండెల్లో గుబులు అదే. గురువారం, గురువారం అని జపం చేసేది.

మొదటి రోజు షెడ్డులో కూర్చుని ఇద్దరూ లెక్క వేశారు. చక్రాలూ వాటి కాళ్ళూ తీస్తే తగ్గేది యాభై ఎనిమిది. పడవకాళ్ళు, వాటి కమ్మీలు, తీగలు పెడితే పెరిగేది నూట డెబ్బై ఆరు.

"పెట్రోలు, నేను, నర్సక్క, స్ట్రెచరు, దాని మీద రోగి, మందుల పెట్టె" అని అమ్మాయి కాగితం మీద కొట్టేసుకుంటూ పోయింది. "అంతా పోను ముప్పై ఎనిమిది కిలోలు మిగిలింది. సరిపోతుంది బాబాయ్. నాలుగో సీటు తీసేద్దాం. రోగి వెంట వచ్చేవాళ్ళు వెనకాల పడవలో వస్తారు. పాసైపోతాం!"

ఇంకొకరైతే చంకలు గుద్దుకునేవాళ్ళు. తూకం గురించి మాటొచ్చాక బాబాయి నోరు మూసుకోవడం అమ్మాయి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. లేచి వెళ్ళి, సుద్దముక్కతో షెడ్డు గోడ మీద జానెడు అక్షరాలతో 70 అని రాశాడు.

"ఏంటది?"

"మిగలాల్సింది."

"ముప్పై ఎనిమిది చాలుగా! డెబ్బై ఎందుకు?"

"అరవై తొమ్మిది తరవాత వచ్చేది అదేగా" అని స్పానరు తీసుకుని విమానం కిందికి దూరాడు.

అట్లా మొదలైంది భాగోతం. చైను పుల్లీ తగిలించి విమానాన్ని గాల్లోకి లేపారు. చక్రాలు ఊడదీశారు. ఒక్కొక్క చక్రాన్నీ కాటా మీద పెట్టి, బరువు రాసుకుని, ఊరెళ్ళే చుట్టాన్ని సాగనంపినట్టు నిమిరి పక్కన పెట్టాడు బాబాయి. పడవకాళ్ళని కింద సరిచూసి కమ్మీలు బిగించారు. వాటి వెనకాల నీళ్ళలో తిరిగే చిన్న చుక్కాన్లు, వాటికి పైలట్టు కాళ్ళ దాకా తీగలు. తోక కింద ఒక రెక్కముక్క. ఈ పనంతా పది రోజుల్లో అయిపోయింది. మిగతా పన్నెండు రోజులూ హాయిగా ఉండొచ్చు కదా అనుకుంది అమ్మాయి. ఎక్కడ?

పదకొండో రోజు పొద్దున షెడ్డుకి వచ్చి చూస్తే విమానం లోపల ఏమీ లేదు. కింద పరిచిన పట్టా లేదు, చెవులకి మోత తగలకుండా పెట్టిన దూది లేదు, గోడలకి బిగించిన ప్లాస్టిక్ రేకులు లేవు. పదేళ్ళ కింద చచ్చిన పాత రేడియో దాని తీగలతో సహా బయట పడుంది.

"బాబాయ్! దొంగలు పడ్డారా?"

"పదమూడు కిలోలు!" అని రెక్క మీంచి జవాబు. ఆయన మొహం వెలిగిపోతోంది.

పన్నెండో రోజు ఇనప స్ట్రెచరు పోయి అల్యూమినియం గొట్టాల స్ట్రెచరు వచ్చింది. పదమూడో రోజు నర్సక్క మందుల పెట్టె మీద పడ్డాడు. నర్సక్క ఎవరికీ లొంగే మనిషి కాదు. ఇరవయ్యేళ్ళుగా ఆ విమానంలో రోగుల పక్కన కూర్చుని, ఏడ్చేవాళ్ళ నోళ్ళు చూపుతోనే మూయించిన ఆవిడ.

"గాజు సీసాలెందుకమ్మా? ప్లాస్టిక్ వాటిలో పొయ్యి. ఆ అట్టపెట్టెలెందుకు? మాత్రలకి చలేస్తుందా?"

"మీ బుర్ర ఎంత తూగుతుందో ఎప్పుడైనా చూసుకున్నారా అన్నయ్యగారూ?"

"చూసుకున్నా. నాలుగున్నర. అది తీయడానికి లేదు, లెక్కలు అందులోనే ఉన్నాయి."

నర్సక్క తిట్టుకుంటూనే రెండు కిలోలు తగ్గించింది.

అమ్మాయి ఒక్క విషయంలో మాత్రం మొండికేసింది. ఆమెకో స్టీలు ఫ్లాస్కు ఉంది. ఎక్కడికెళ్ళినా సీటు పక్కన అది ఉండాల్సిందే, నిండా టీతో. బాబాయి లెక్కల కాగితంలో దానికి ఒక వరుస ప్రత్యేకంగా రాశాడు. "ఫ్లాస్కు: ఒక కిలో మూడొందలు." రోజూ పొద్దున్నే దాని వైపు కోడిపెట్టను చూసే పిల్లిలా చూసేవాడు.

"అది ముట్టుకుంటే నేను నడపను" అంది అమ్మాయి.

"ఇంట్లో తాగి రావచ్చుగా?"

"నీ డెబ్బై ఎందుకో చెప్పు, ఫ్లాస్కు ఇచ్చేస్తా."

బాబాయి ఈల వేసుకుంటూ అవతలికి పోయాడు.

పద్నాలుగో రోజు మాత్రం అమ్మాయికి ఒళ్ళు మండింది. షెడ్డు తలుపు తీసేసరికి బాబాయి విమానానికి రంగు గీకుతున్నాడు. పైన తెలుపు, దాని కింద పచ్చ, దాని కింద పసుపు. ఉల్లిపాయలా పొర కింద పొర. గీకిన రంగుని బక్కెట్టులోకి ఎత్తి తూస్తున్నాడు కూడా.

"నీకేమైనా మతి పోయిందా? నీళ్ళలో తిరిగే దానికి రంగు తీసేస్తావా? కుళ్ళిపోదూ?"

"ఒక పల్చటి పొర మళ్ళీ వేస్తానమ్మడూ. ఒకటి చాలు. ఈ మూడూ పాత యజమానుల షోకులు. వాళ్ళ షోకులు మనమెందుకు మొయ్యాలి?"

"ఆరడానికి ఎన్ని రోజులు పడుతుంది?"

"నాలుగు."

"ఇంకా గీకడానికి?"

"మూడు."

అమ్మాయి వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. బుధవారానికి గానీ తెమలదు. అప్పటిదాకా ఒక్కసారైనా నీళ్ళలో దింపి చూడలేదు. ఏదన్నా తేడా వస్తే సరిచేసుకోవడానికి ఒక్క పూట కూడా లేదు.

"బాబాయ్, ఇది నీ ఇంటి గుమ్మం కాదు ఆడుకోవడానికి. గురువారం తప్పితే మూణ్ణెల్లు. ఆ మూణ్ణెల్లలో అవతల ఎవరికన్నా ఏదన్నా అయితే నీ డెబ్బై ఏం చేసుకుంటాం? నీ కాటా జబ్బు కోసం వాళ్ళ ప్రాణాల మీదికి తెస్తావా?"

బాబాయి చేతిలో గీకుడు రేకు ఆగింది. ఓ నిమిషం దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "గురువారం తప్పదులే తల్లీ" అన్నాడు మెల్లగా. మళ్ళీ గీకడం మొదలెట్టాడు.

ఆ ఏడు రోజులూ అమ్మాయి ఆయనతో మాట్లాడలేదు. కానీ ఊరుకోనూ లేదు. పక్కన నిలబడి, మొహం అటు తిప్పుకుని, తనూ రంగు గీకింది.

బుధవారం సాయంత్రం విమానాన్ని ట్రాలీ మీద నీళ్ళలోకి దింపారు. లేపడానికి ఇంకా అనుమతి లేదు కాబట్టి, నీళ్ళ మీద అటూ ఇటూ నడిపి చూడడమే. తేలింది. చక్కగా బాతులా తేలింది. అమ్మాయి కోపం సగం దిగిపోయింది. ఒక చుట్టు తిప్పి రేవు వైపు వస్తూ, పదేళ్ళ అలవాటు కొద్దీ కాళ్ళతో బ్రేకులు తొక్కింది. రెండు వారాలు నేర్చుకున్నది ఆ ఒక్క క్షణం బుర్రలోంచి ఎగిరిపోయింది. నీళ్ళ మీద బ్రేకులేమిటి? విమానం నింపాదిగా, మర్యాదగా వచ్చి, రేవు చివర తాడు పట్టుకుని నిలబడ్డ బాబాయిని నీళ్ళలోకి నెట్టింది.

మునిగి లేచాడు. గట్టెక్కాడు. అందరూ "అయ్యో అయ్యో" అంటుంటే నీళ్ళోడుతూ తిన్నగా కాటా దగ్గరికి నడిచాడు.

"మూడు కిలోల ఆరొందలు" అన్నాడు. "ఒక జత బట్టలు ఇంత నీళ్ళు తాగుతాయని నేను అనుకోలేదు."

అమ్మాయి నవ్వాపుకోలేక పోయింది. ఏడు రోజుల మౌనం అక్కడితో సరి.

గురువారం వచ్చింది. ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. సన్నగా పొడుగ్గా, నవ్వితే ఎక్కడ అనుమతి ఇచ్చినట్టవుతుందో అని నవ్వని మనిషి. షెడ్డు గుమ్మంలోనూ ఇంట్లోలాగే పరిచిన కాటా పట్టా మీద బాబాయి ఆయన్ని నిలబెట్టబోతే, అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

పడవకాళ్ళ కింద ముందు రెండు, వెనక రెండు కాటాలు పెట్టారు. విమానాన్ని మెల్లగా వాటి మీదికి దించారు. ఇన్‌స్పెక్టరు నాలుగూ చదివి, కూడి, బాబాయి ఇచ్చిన కాగితంతో సరిచూశాడు.

"పద్నాలుగు కిలోలు ఎక్కువ ఉంది" అన్నాడు.

బాబాయి మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. పాతికేళ్ళలో ఆయన లెక్క గ్రాము తప్పలేదు. "ఎవరో దానికి ఆనుకున్నారు!" అన్నాడు. ఎవరూ ఆనుకోలేదు. "లోపల ఎవరో కూర్చున్నారు!" ఎవరూ కూర్చోలేదు. నర్సక్కని అనుమానంగా చూశాడు. ఆవిడ చూసిన చూపుకి తల తిప్పుకున్నాడు. "కాటాలు తప్పు!" అని ఒక్కో కాటా మీదా తనే ఎక్కి దిగాడు. నాలుగూ ఒకే బరువు చెప్పాయి.

"కారణం తెలీకుండా ఇంత తేడా ఉంటే నేను సంతకం పెట్టలేను" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కలానికి మూత పెడుతూ.

గురువారం అమ్మాయి చేతిలోంచి జారిపోతోంది. ఎక్కడిది ఈ పద్నాలుగు? నిన్న పొద్దున తూస్తే లేదు. ఇవాళ ఉంది. మధ్యలో జరిగింది ఒకటే, నీళ్ళలో దిగడం.

"బాబాయ్, నిన్న ఒడ్డుకి తెచ్చాక పడవకాళ్ళలో నీళ్ళు తోడావా?"

ఏ ఫ్లోటైనా రివెట్ల సందుల్లోంచి కాస్త చెమరుస్తుంది. అందుకే లోపల గదులుంటాయి, ఒక్కో గదికీ పైన రబ్బరు బంతి మూత, అందులోంచి నీళ్ళు తోడ్డానికి చేతిపంపు. ఆ పంపు విమానంలో ఎప్పుడూ ఉండాలి.

బాబాయి పడవకాళ్ళ వైపు చూశాడు.

"పంపు లేదు."

"లేదంటే?"

"కిలో వంద గ్రాములు ఉందమ్మడూ. తీసేశాను."

నర్సక్క అందుకుంది, "కిలో మిగిల్చి పద్నాలుగు కిలోల నీళ్ళు ఎక్కించాడు. తూకం తెలిసిన మనిషి!"

ఎక్కడుందయ్యా ఆ పంపు అంటే, ఇంట్లో ఉంది. అమ్మాయి పరుగున వెళ్ళి చూస్తే, పిన్ని దాంతో పెరట్లో నీళ్ళ డ్రమ్ము అడుగు తోడుతోంది. "బంగారంలా పని చేస్తోందే, ఇవ్వను" అంది. సంగతి విని, పంపుని చేత్తో పట్టుకుని, కొంగు నడుముకి దోపి తనే షెడ్డుకి బయల్దేరింది. వచ్చీ రాగానే, ఇన్‌స్పెక్టరు ఉన్నాడనైనా చూడకుండా మొగుడికి చీవాట్లు పెట్టింది.

"ఇది నాకు బహుమతని చెప్పి ఇచ్చారే! పెళ్ళై ఇన్నేళ్ళకి ఒక్క బహుమతి ఇస్తే, అది కూడా దొంగసొత్తా?"

రబ్బరు బంతులు పీకి, గది గదికీ పంపు పెట్టి తోడారు. బక్కెట్లతో నీళ్ళు వచ్చాయి. బాబాయి ఆ నీళ్ళని కూడా తూచాడు. తూచకుండా ఉంటాడా? పద్నాలుగు కిలోలు. మళ్ళీ విమానాన్ని కాటాలకెక్కించారు. ఈసారి లెక్క అచ్చంగా సరిపోయింది.

"ఇకనుంచి పంపు విమానంలోనే ఉండాలి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కలం మూత తీశాడు. అమ్మాయికి ఊపిరాడింది.

కానీ బాబాయి గోడ మీది అంకె వైపు చూస్తూ నిలబడ్డాడు. "అరవై ఎనిమిదీ తొమ్మిదొందలు" అన్నాడు నీరసంగా. "పంపు తినేసింది."

"దేనికండీ మీకంత మిగులు?" ఇన్‌స్పెక్టరుకి ఆశ్చర్యం వేసింది. "నా కాగితం ప్రకారం ముప్పై మిగిలినా ఇద్దును." అంటూ విమానంలోకి తల పెట్టాడు. "ఇదేమిటి, వెనకాల గుడ్డ కప్పి?"

గుడ్డ తీశాడు. కింద ఒక చిన్న సీటు ఉంది. సన్న అల్యూమినియం గొట్టాలు, వాటికి బిగించి కుట్టిన మందపాటి గుడ్డ, ఒక బెల్టు. స్ట్రెచరు తలవైపు, చెయ్యి చాపితే రోగి చెయ్యి అందేంత దగ్గరగా. అమ్మాయి దాన్ని చూడడం అదే మొదటిసారి.

"మూడు కిలోలే ఉంటుంది సార్" అన్నాడు బాబాయి, తప్పు చేసి దొరికిన వాడిలా. "బోల్టులన్నీ పద్ధతి ప్రకారమే. దాని బరువు కూడా తూకంలో ఉంది. మనిషికి డెబ్బై చొప్పున వేసుకున్నాను."

"రోగి వెంట వచ్చేవాళ్ళకా బాబాయ్?"

బాబాయి కాటా ముల్లు తుడవడం మొదలెట్టాడు. ముల్లు శుభ్రంగానే ఉంది. జవాబు పిన్ని చెప్పింది.

"ఇరవయ్యారేళ్ళ కిందటి మాట. మేం అప్పుడు అవతలి ఒడ్డునే ఉండేవాళ్ళం. నాకు కడుపులో నొప్పి, మెలికలు తిరిగిపోయా. అప్పటి విమానం వచ్చింది. నన్ను ఎక్కించుకున్నారు. ఈయన ఎక్కబోతే పైలట్టు వద్దన్నాడు. తొమ్మిది కిలోలు ఎక్కువవుతావు, నీకు చోటు లేదు అన్నాడు. ఆఖరికి నా చెప్పులు కూడా తీయించేశారు బరువని. ఈయన ఆ చెప్పులు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. నన్ను ఆస్పత్రిలో పేరడిగితే భయానికి మా అమ్మ పేరు చెప్పాను తెలుసా? ఎనిమిది రోజులకి బాగై తిరిగి వచ్చేసరికి, ఒడ్డున అక్కడే ఉన్నాడు. చెప్పులు చేతిలోనే ఉన్నాయి. ఏమడిగాడో తెలుసా? ఎలా ఉన్నావని కాదు. 'ఎంత తగ్గావు?' అన్నాడు!"

నర్సక్క పకపకా నవ్వింది. పిన్నీ నవ్వింది. "అప్పట్నుంచే ఈ తూకాల పిచ్చి. ఆ తొమ్మిది కిలోలు ఎక్కణ్ణించి తీయాలా అని ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు."

అమ్మాయికి రంగు గీకేటప్పుడు తను అన్న మాట గుర్తొచ్చింది. విమానంలోకి వంగి, సీటు పక్కనుంచి ఫ్లాస్కు తీసి బాబాయి చేతిలో పెట్టింది. బాబాయి దాన్ని కాగితంలో కొట్టేశాడు. కూడాడు.

"డెబ్బై కిలోల రెండొందలు!" అన్నాడు. ఆ రెండొందల సంగతి కాస్త ఆలోచించి, "కావాలంటే ఒక చిన్న కప్పు టీ పట్టుకెళ్ళమ్మడూ" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు నాలుగు సీట్లకి సంతకం పెట్టాడు. వెళ్ళేటప్పుడు తనంతట తనే పట్టా మీద నిలబడ్డాడని నర్సక్క ఇప్పటికీ చెబుతుంది.

నాలుగు రోజులకే మొదటి పిలుపు వచ్చింది. వలలు అల్లే ముసలాయన జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మొదటి విమానం వచ్చేలోగా రేవు కట్టాలని, కాటాతో సహా బాబాయినీ, చూస్తానన్న పిన్నినీ అదృష్టం కొద్దీ ముందు రోజే పడవలో అవతలికి పంపేశారు. అమ్మాయి విమానం నీళ్ళ మీద దించి, ఈసారి బ్రేకులు తొక్కకుండా, రేవుకి చేర్చింది. పల్లె పల్లెంతా ఒడ్డున నిలబడింది. ముసలాయన్ని స్ట్రెచరుతో సహా తూచి, నర్సక్క లోపల పడుకోబెట్టింది.

"వెంట ఎవరు వస్తున్నారు?" అన్నాడు బాబాయి.

ముసలాయన భార్య ముందుకొచ్చింది. బొద్దుగా, నిండుగా ఉన్న మనిషి. కాటా చూసి అక్కడే ఆగిపోయింది. అంతమంది ముందు ఎక్కాలంటే సిగ్గు, ఎక్కితే తీసుకెళ్ళరేమోనని భయం. లోపల్నించి ముసలాయన ఆమెని పేరుపెట్టి పిలుస్తున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కింది.

అమ్మాయి బాబాయి భుజం మీంచి ముల్లు చూసింది. డెబ్బై ఎనిమిది దాటి ఊగుతోంది. గ్రాము కోసం నర్సుతో, ఇన్‌స్పెక్టరుతో, పేపరుతో కొట్లాడిన మనిషి.

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"డెబ్బై!" అన్నాడు, ఒడ్డు ఒడ్డంతా వినబడేలా. "సరిగ్గా డెబ్బై! ఎక్కమ్మా ఎక్కు!"

ఆమె కళ్ళు తెరిచి, ఊళ్ళో ఆడవాళ్ళ వైపు ఒకసారి గర్వంగా చూసింది. అమ్మాయి బాబాయి చెవిలో గుసగుసలాడింది. "అబద్ధం చెప్పావేంటి? విమానం లేవాలా వద్దా?"

బాబాయి కాగితం చూపించాడు. అందులో ఉన్నదున్నట్టు రాసి ఉంది, డెబ్బై ఎనిమిదీ రెండొందలు. "రోగికి మనం డెబ్బై అయిదు వేసుకున్నాం. ముసలాయన యాభై నాలుగే. బోలెడు మిగిలింది. కాగితానికి నిజం చెప్పాలి. నోటితో చదివేదానికి మీ పిన్ని ఎప్పుడో పద్ధతి నేర్పింది."

ఆమె విమానం మెట్టు దగ్గర ఆగి, వంగి చెప్పులు విప్పబోయింది.

"ఉంచుకో అమ్మా" అన్నాడు బాబాయి. "చెప్పులు కూడా లెక్కలో వేశాను."

తలుపు వేశారు. అమ్మాయి ఇంజను మొదలెట్టి, విమానాన్ని మెల్లగా నీళ్ళ మధ్యకి నడిపించింది. లేచేముందు ఒకసారి వెనక్కి చూసింది. రేవు మీద జనం చెదిరిపోతున్నారు. పిన్ని అటూ ఇటూ చూసి, ఖాళీగా ఉన్న కాటా మీదికి ఎక్కింది. బాబాయి ముల్లు వైపు చూడకుండా, తల తిప్పుకుని సరస్సు వైపు చూస్తూ ఏదో చెప్పాడు. ఇంజను మోతలో ఏమీ వినబడలేదు. కానీ పిన్ని నవ్విన తీరు చూస్తే, డెబ్బై దాటి ఉండదు.